నాయన నోటుపుస్తకం, నా బాకీలు



పోయినసారి నేను రాసిన పార్సెల్ ఆఫీసు ముచ్చట్లు చదివి, ఇంకా రైల్వే కథలు రాయమని చాలామంది అడిగారు. ఈసారి రాసేది అది కాదు. మన సంఘంలో మతప్రచారం పోస్టులు పెట్టకూడదని నియమం ఉంది కదా, అందుకని ముందే కార్యదర్శి గారికి ఫోన్ చేసి అడిగాను. “మీ సొంత అనుభవం రాసుకోండి, ఎవరినీ మీ దారికి రమ్మనకండి, అంతే” అన్నారు. ఆ మాట దాటను. రాతలో తప్పులుంటే మన్నించండి. నేను చదివిందంతా తమిళంలోనే. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది 60 ఏళ్ళు నిండాక, మన ఆదివారం తరగతిలో. ఈ కథకూ ఆ తరగతికీ సంబంధం ఉంది.

నా పేరు చివర ‘అయ్య’ ఉండడం చూసి కొత్త సభ్యులు కొందరు నన్ను నాయుళ్ళనో రెడ్లనో అనుకుంటారు. మేము దూదేకులవాళ్ళం. ముస్లింలం. ఇంట్లో మాట్లాడేది తెలుగే, ఉర్దూ రాదు. నూర్‌బాషా అని, పింజారి అని కూడా మమ్మల్ని పిలుస్తారు. తమిళనాడు వెనుకబడిన తరగతుల ముస్లింల జాబితాలో లబ్బైలు, దక్కనీలతోపాటు దూదేకుల అనే పేరు కూడా ఉంది. నిఖా, జనాజా మా మతం ప్రకారం. చీరకట్టు, సామెతలు, తిట్లు, లాలిపాటలు అన్నీ మీవే, మావే.

మా ఊరు తిరుత్తణి పక్కన. నేను పుట్టింది 1959 జూలైలో. అప్పటికి మా తాలూకా చిత్తూరు జిల్లాలో ఉండేది. 1960 ఏప్రిల్ 1న మద్రాసు రాష్ట్రంలో కలిసింది. నాకు తొమ్మిది నెలలు నిండకముందే నేను పడుకున్న ఊయల రాష్ట్రం మారిపోయింది. మా నాయన అంతకుముందే ఊరి బడిలో మూడో తరగతి దాకా తెలుగు చదువుకున్నాడు. నన్ను బళ్ళో వేసే రోజు వచ్చేసరికి, “ఇంక ఇక్కడ ఉద్యోగం కావాలంటే అరవమే” అని తమిళంలో చేర్పించాడు. ఆయన లెక్క తప్పు కాదు. ఆ చదువుతోనే నాకు రైల్వేలో గుమాస్తా పని వచ్చింది. అయితే ఒకే ఇంట్లో తండ్రి రాసింది కొడుకు చదవలేడు, కొడుకు రాసింది తండ్రి చదవలేడు. నోటితో మాట్లాడుకుంటున్నాం కదా, ఇంకేం కావాలి అనుకున్నాం.

నాయన పని దూది ఏకడం. పెద్ద విల్లు భుజానికి తగిలించుకుని, కొయ్యగుండు చేత పట్టుకుని ఊరూరా తిరిగేవాడు. ఎవరింటి వసారాలోనో కూర్చుని ఆ విల్లు తీగను దూదిలో పెట్టి కొడుతుంటే వచ్చే చప్పుడు వీధి చివరికి వినిపించేది. పాత పరుపు విప్పి, గట్టిపడ్డ దూదిని మళ్ళీ మేఘంలా చేసి, కుట్టి ఇచ్చేవాడు. సాయంత్రానికి కనురెప్పల మీద కూడా దూదే. నమాజు వేళైతే ఆ ఇంటివాళ్ళనే చెంబెడు నీళ్ళు అడిగి, కాళ్ళూ చేతులూ కడుక్కుని, వసారా మూలన తుండుగుడ్డ పరుచుకునేవాడు. “సాయిబన్న నమాజులో ఉండాడు, అరవబాకండి” అని ఆ ఇంటి ఆడవాళ్ళే పిల్లకాయల్ని కసిరేవాళ్ళు. ఆయనకు అరబ్బీ అర్థం తెలియదు. వచ్చిన నాలుగు సూరాలే మళ్ళీ మళ్ళీ చదువుకునేవాడు. ఒక్క పూట వదిలింది నేను చూడలేదు.

నేను వదిలాను. 1982 ఆగస్టు 1న ఉద్యోగంలో చేరాను. 2019 జూలై 31న రిటైరయ్యాను. ఆ 37 ఏళ్ళూ నాకు పండగ నమాజులు, వీలైతే శుక్రవారం నమాజు, రంజానులో మూడు ఉపవాసాలు. మొదటి రోజు ఒకటి, 27వది ఒకటి, చివరి శుక్రవారం ఒకటి. అంతే.

ఎందుకు వదిలావు అని అడిగితే ఇన్నేళ్ళూ ‘షిఫ్టు డ్యూటీ’ అని చెప్పేవాణ్ణి. అరక్కోణం, కాట్పాడి, జోలార్‌పేట, ఎక్కడ పనిచేసినా అదే జవాబు. పార్సెళ్ళు దిగే వేళ, టికెట్ కౌంటర్లో క్యూ ఉన్న వేళ ఎలా లేస్తాం అనేవాణ్ణి. కానీ అదే షిఫ్టులో నాతో పనిచేసిన లబ్బై అన్న ఒకాయన బస్తాల వెనక గోనెపట్టా పరుచుకుని ఐదు నిమిషాల్లో ముగించి వచ్చేవాడు. ఇంకొక ఆయన ఏటా అయ్యప్ప మాల వేసుకుని, 41 రోజులూ నైట్ డ్యూటీ ముగించుకుని తెల్లవారుజామున చన్నీళ్ళు పోసుకునేవాడు. డ్యూటీ ముగ్గురికీ ఒకటే.

ఇంకో కారణం కూడా ఉంది. అది సగం నిజం. పట్టణం మసీదుకు పోతే అక్కడ ప్రసంగం ఉర్దూలో. నాకు ఒక్క ముక్క తెలిసేది కాదు. ఎవరైనా ఉర్దూలో పలకరిస్తే తెలుగులో నసిగేవాణ్ణి. “ఓ, దూదేకులా!” అని ఒక నవ్వు నవ్వేవాళ్ళు. ఇంకో ఊళ్ళో ప్రసంగం తమిళంలో ఉండేది. అర్థమయ్యేది కానీ అక్కడ నేను తెలుగోణ్ణి. ఆఫీసులో సాయిబు, మసీదులో దూదేకుల, ఊళ్ళో తెలుగోడు. ఎక్కడా నా వరస నాకు కనపడలేదు. ఆ నవ్వుకు నొచ్చుకున్న మాట నిజం. కానీ ఇంట్లో నాలుగు గోడల మధ్య చాప పరుచుకోవడానికి ఎవరు అడ్డం వచ్చారు? అందుకే సగం నిజం అన్నాను.

దేవుడు లేడని నేనెప్పుడూ అనుకోలేదు. రేపు మొదలుపెడదాం అనుకున్నాను. ట్రాన్స్‌ఫర్ అయ్యాక, పిల్ల పెళ్ళయ్యాక, రిటైరయ్యాక. నమ్మకం పోయినవాడు కనీసం ఎందుకు పోయిందో ఆలోచిస్తాడు. వాయిదా వేసేవాడికి ఆ ఆలోచన కూడా ఉండదు.

ఒక సంగతి ఇంతవరకు మా ఆవిడకు కూడా చెప్పలేదు. ఇక్కడ రాస్తున్నాను కాబట్టి ఆమెకు నిన్న రాత్రే చెప్పాను. 1987లో రంజాను మే నెలలో వచ్చింది. నేనుండే మూడు ఉపవాసాల్లో ఒకటి ఆ రోజు. ఎండ మండిపోతోంది. సాయంత్రం నాలుగింటికి కొత్తగా వచ్చిన ఆఫీసరు మా సెక్షన్ అందరికీ టీ తెప్పించాడు. నాకూ గ్లాసు ఇచ్చాడు. ఉపవాసం అని ఒక్క మాట చెబితే ఆయన ఏమీ అనేవాడు కాదు. అందరి ముందూ వేరుగా కనపడడం ఇష్టంలేక తాగేశాను. దాహం వల్ల కూడా కాదు. ఇంటికి పోయి ఇఫ్తార్ వేళ ఖర్జూరం నోట్లో వేసుకున్నాను, రోజంతా ఉన్నవాడిలాగ. ఆ ఖర్జూరం రుచి ఇప్పటికీ గుర్తుంది.

నాయనకు దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి చేరింది. 1994 నుంచి విల్లు ఎత్తలేకపోయాడు. 1995లోనూ 1996లోనూ రంజాను చలికాలంలోనే వచ్చింది. ఆయాసం ఎక్కువై మాత్రలు, మందు ఆపడానికి లేక కొన్ని ఉపవాసాలు వదులుకోవలసి వచ్చింది. 1996 సెప్టెంబరులో ఆసుపత్రిలో ఉండగా ఒక రాత్రి నా చెయ్యి పట్టుకుని, “పెట్టెలో నోటుపుస్తకం ఉంది. చూసి కట్టేయ్ అబ్బోడా” అన్నాడు. “సరే నాయనా” అన్నాను. రెండు రోజులకు పోయాడు.

నలభై దినాలయ్యాక పెట్టె తెరిచాను. అట్ట ఊడిన నోటుపుస్తకం. లోపలంతా తెలుగు. అంకెలు తప్ప ఏమీ అర్థం కాలేదు. ఎవరెవరు పరుపుల డబ్బు బాకీ ఉన్నారో రాసుకున్నాడు కాబోలు, ఇప్పుడు పోయి ఎవరిని అడుగుతాం అనుకుని మళ్ళీ పెట్టెలో పెట్టేశాను. ‘కట్టేయ్’ అన్న మాటను ‘వసూలు చేసుకో’ అని ఎలా అర్థం చేసుకున్నానో నాకే తెలియదు. చదివేవాళ్ళు దొరక్క కాదు. మా అక్కను నగరిలో ఇచ్చాం, ఆమె తెలుగు చదివింది. బస్సెక్కితే గంట ప్రయాణం. ఒక్కసారీ తీసుకుపోయి చూపించలేదు.

ఇక తరగతి సంగతి. రిటైరయ్యాక పొద్దుపోక 2019 అక్టోబరులో మన సంఘం తెలుగు తరగతిలో చేరాను. నా పక్కన కూర్చున్నది ఎనిమిదేళ్ళ పాప. ఆమె నా ‘థ’ చూసి, “తాతా, కడుపులో చుక్క మరిచిపోయినారు” అని దిద్దింది. నాలుగు నెలలకు బోర్డులు, పేపరు హెడ్డింగులు కూడబలుక్కుని చదవడం వచ్చింది. “ఇంట్లో ఏదైనా పాత చేతిరాత ఉంటే చదివి చూడండి, చేతిరాత అలవాటవుతుంది” అని మాస్టరు గారు అన్నారు. అప్పుడు నాయన నోటుపుస్తకం గుర్తొచ్చింది. 2020 ఫిబ్రవరి. ఆయన పోయి 23 ఏళ్ళ 5 నెలలు.

మొదటి పేజీలన్నీ నేను అనుకున్నవే. ఎవరింట్లో ఎన్ని కిలోల దూది, ఎన్ని దిండ్లు, ఎంత కూలి. వసూలైనవాటికి అడ్డగీత. చివరి రెండు పేజీలు వేరు. పైన ‘రంజాను ఉపాసాలు బాకీ’ అని ఉంది. దాని కింద నిలువు గీతలు. మొదటి వరసలో 11. రెండో వరసలో 23. తర్వాతి పేజీలో, ‘పెద్దింటి అమ్మ, పరుపు బయానా 60 రూపాయలు, కుట్టలేదు’. అన్నిటికన్నా కింద ఒక్క ముక్క: ‘అబ్బోడు కట్టాల’.

నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను కాబట్టి ఆ ఆఖరి రెండు మాటలు చదవడానికి చాలాసేపు పట్టింది. చదివాక పుస్తకం మూసి, మా ఆవిడకు ఏమీ చెప్పకుండా రైల్వే స్టేషను దాకా నడిచి, ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చుని, చీకటి పడ్డాక ఇంటికి వచ్చాను.

మరుసటి రోజు మసీదుకు పోయాను. అక్కడి హజ్రత్ తమిళంలో మాట్లాడతారు. నోటుపుస్తకం చూపించి, రాసింది తమిళంలో చెప్పాను. ఆయన చెప్పింది మీలో తెలియనివాళ్ళ కోసం నాకు అర్థమైనట్టు రాస్తాను. మేము పాటించేది హనఫీ పద్ధతి. జబ్బు వల్ల ఉపవాసం తప్పితే తర్వాత బాగయ్యాక అన్ని రోజులు ఉండి తీర్చాలి. దాన్ని ఖజా అంటారు. బాగయ్యే ఆశ లేనివాడైతే ఒక్కొక్క ఉపవాసానికి ఒక పేదవాడికి రెండు పూటల అన్నం, లేదా దానికి సరిపడే ధాన్యమో డబ్బో ఇవ్వాలి. అది ఫిద్యా. ఒకరి బదులు ఇంకొకరు ఉపవాసం ఉండడం మా పద్ధతిలో లేదు. చనిపోయేవాడు కట్టమని చెప్పిపోతే వారసులు అతని ఆస్తిలో మూడో వంతు మించకుండా కట్టాలి. చెప్పకపోయినా ప్రేమతో కడితే మంచిదే. “మీ నాయన చెప్పే పోయారు కదా” అన్నారు హజ్రత్.

34 ఉపవాసాలు. 34 మంది. లెక్కకు కావలసినదానికన్నా ఎక్కువే ఉండాలని ఐదేసి కిలోల బియ్యం సంచులు కట్టించి, హజ్రత్ ఇచ్చిన పేర్ల ప్రకారం నేనే ఇంటింటికీ మోసుకుపోయి ఇచ్చాను. మూడు రోజులు పట్టింది. 23 ఏళ్ళు ఆపిన పని మూడు రోజుల పని.

ఆ తర్వాత హజ్రత్ నన్ను అడిగారు, “మీ నాయన లెక్క సరే. మీ లెక్క ఏమిటి?”

లెక్క నాకు చేతనైన పని. రైల్వేలో పనిచేసినవాళ్ళకు తెలుసు, ప్రతి స్టేషనుకూ నెలనెలా బ్యాలెన్స్ షీట్ పోవాలి. వసూలు తక్కువ చేసినా, రేటు తప్పు వేసినా అకౌంట్స్ ఆఫీసు నుంచి ఎర్రర్ షీట్ వస్తుంది. తప్పు మనది అని ఒప్పుకుంటే అది అడ్మిటెడ్ డెబిట్, జీతంలోంచి కట్టాలి. ఒప్పుకోకపోతే అబ్జెక్టెడ్ డెబిట్, కారణం రాసి పంపాలి. కట్టకుండా, కారణం చెప్పకుండా నానబెడితే ఔట్‌స్టాండింగ్ పెరుగుతూ పోతుంది, ఒకరోజు ట్రావెలింగ్ ఇన్‌స్పెక్టర్ ఆఫ్ అకౌంట్స్ వచ్చి కూర్చుంటాడు. నా సర్వీసులో ఒక్క నెల కూడా నా స్టేషను ఔట్‌స్టాండింగ్ మూడో నెలకు పోనివ్వలేదని నాకు గర్వం ఉండేది.

ఆ రాత్రి కాగితం మీద వేశాను. 1982 ఆగస్టు 1 నుంచి 2019 జూలై 31 దాకా 37 సంవత్సరాలు. లీపు దినాలు 9. మొత్తం 13,514 రోజులు. రోజుకు ఫర్జ్ నమాజులు ఐదు: తెల్లవారుజామున ఫజర్ 2 రకాతులు, మధ్యాహ్నం జుహర్ 4, సాయంకాలం అసర్ 4, పొద్దుగూకగానే మగ్రిబ్ 3, రాత్రి ఇషా 4. ఇషా తర్వాత విత్ర్ 3, అది మా పద్ధతిలో వాజిబ్, తప్పితే తీర్చాలి. రోజుకు 20 రకాతులు. అప్పుడప్పుడూ చేసిన శుక్రవారాలు లెక్కలోంచి తీయలేదు, ఎన్నో గుర్తులేదు కాబట్టి. మొత్తం 2,70,280 రకాతులు.

ఉపవాసాల దగ్గర ఒక చిక్కు ఉంది. 37 ఏళ్ళకు 37 రంజాన్లు అనుకున్నాను. చంద్రమానం ఏడాది మన ఇంగ్లీషు ఏడాదికన్నా సుమారు 11 రోజులు తక్కువ. పంచాంగం ముందు పెట్టుకుని లెక్కిస్తే 38 రంజాన్లు వచ్చాయి. నెలకు 30 వేసుకుని, ఉన్న మూడు తీసేస్తే ఏటా 27. మొత్తం 1,026. 1987 టీ రోజు కలిపితే 1,027. రంజానులో మొదలుపెట్టిన ఉపవాసాన్ని కారణం లేకుండా కావాలని తినో తాగో విరిస్తే ఖజాతో సరిపోదు, కఫ్ఫారా కూడా కట్టాలి. వరసగా 60 రోజులు ఉపవాసం. ఆరోగ్యం సహకరించకపోతే 60 మంది పేదలకు రెండేసి పూటల భోజనం. ఒక గ్లాసు టీకి.

ఆ కాగితం తీసుకుపోయి హజ్రత్ ముందు పెట్టాను. రోజూ నమాజుతోపాటు ఒక రోజు బాకీ తీర్చినా ఇంకో 37 ఏళ్ళు కావాలి, నాకు 97 వస్తాయి అన్నాను. ఆయన నవ్వలేదు. “మీరు ఎప్పుడు తీరుస్తారు అని అడగరు. ఎప్పుడు మొదలుపెట్టారు అని అడుగుతారు” అన్నారు. ప్రతి ఫర్జ్ నమాజుతోనూ అదే పూట బాకీ నమాజు ఒకటి చేయమన్నారు. తేదీ గుర్తులేదు కదా, ‘నా మీద మిగిలిన ఫజర్లలో మొదటిది’ అని మనసులో అనుకుంటే చాలు. ఒకటి తీరగానే దాని తర్వాతది మొదటిదవుతుంది. సూర్యుడు ఉదయించే వేళ, నడినెత్తిన ఉండే వేళ, అస్తమించే వేళ మాత్రం వద్దు. తీరకుండానే పోతే మిగిలినదాని గురించి వీలునామాలో రాయమన్నారు.

ఇక్కడ ఒక మాట. మా బంధువుల్లో చదువుకున్న కుర్రాడు ఒకడు, “మామా, కావాలని వదిలేసిన నమాజుకు ఖజా లేదని చెప్పే పండితులు కూడా ఉన్నారు. తౌబా చేసుకుని, ఇకనుంచి సరిగ్గా చేస్తూ, అదనపు నమాజులు పెంచుకుంటే చాలు. ఎందుకీ కష్టం?” అన్నాడు. వాడు చెప్పింది తప్పు కాదు, అలా చెప్పిన పెద్ద పండితులు ఉన్నారు. నాలుగు మజ్‌హబుల్లోనూ ఎక్కువమంది చెప్పేది మాత్రం తీర్చాలనే. రెండు రాత్రులు ఆలోచించాను. వాడి దారి తేలిగ్గా ఉంది, అందుకే నాకు భయమేసింది. నేను 37 ఏళ్ళు తేలిక దారులు వెతికినవాణ్ణి. నా విషయంలో ఇది అడ్మిటెడ్ డెబిట్. ఇంకొకరి లెక్క ఇంకొకరిది.

మొదలుపెట్టింది 2020 మార్చిలో. నెలాఖరుకు లాక్‌డౌన్ వచ్చి మసీదులు మూసేశారు. ఏప్రిల్ చివర రంజాను వస్తే తరావీ నమాజు కూడా ఇళ్ళలోనే. మా ఇంట్లో ముందు నిలబడి చేయించాల్సింది నేను! నాకు వచ్చింది నాయన నోట విన్న ఆ నాలుగు సూరాలే. మా ఆవిడ, కోడలు వెనక వరసలో, కొడుకు, మనవడు నా వెనక. చెయ్యి వణికింది. ఒకచోట మరిచిపోయి ఆగిపోతే, ఏడేళ్ళ మనవడు వెనకనుంచి అందించాడు. వాడు మదరసాలో నేర్చుకున్నాడు. వారంలో నాకు సిగ్గు పోయింది. నెల అయ్యేసరికి రోజులో ఐదు మేకులు కొట్టినట్టు ఒక పట్టు దొరికింది. రిటైరయ్యాక వేళాపాళా లేకుండా జారిపోతున్న రోజు నిలబడింది.

ఆ రోజుల్లోనే తెలుగు ఖురాన్ చదవడం మొదలుపెట్టాను. తెలుగులో మొదట ఖురాన్ అనువాదం చేసినవారు చిలుకూరి నారాయణరావు గారు. ‘ఆంధ్రభాషా చరిత్రము’ రాసిన పండితుడే. ఒక బ్రాహ్మణ పండితుడు మా గ్రంథాన్ని మా భాషలో పెట్టాడని తెలిసిన రోజు, మసీదులో విన్న ఆ నవ్వు నా చెవుల్లోంచి పోయింది. నేను చదివేది ఆ తర్వాత వచ్చిన వాడుకభాష అనువాదం. రోజుకు ఒక పేజీ. దేవుడి కరుణ మీద ఆశ వదులుకోవద్దని చెప్పేచోటికి వచ్చేసరికి, మా అమ్మ గొంతుతో విన్నట్టు ఉంది. అదే మాట తమిళంలో విన్నాను, ఉర్దూలో విన్నాను. నాకు తగిలింది తెలుగులో.

ఇంక పెద్దింటి అమ్మ బయానా మిగిలింది. దేవుడి బాకీ దేవుడు మన్నించవచ్చు, మనుషుల బాకీ ఆ మనుషులే మన్నించాలి అని హజ్రత్ చెప్పారు. 2021 జనవరిలో ఊరికి పోయాను. పెద్దింటి అమ్మ ఎప్పుడో పోయింది. ఆమె కోడలు ఉంది, 70 దాటింది. అరుగు మీద చింతపండు గింజలు తీస్తోంది.

“వదినమ్మా, నేను దూదేకుల సాయిబు కొడుకును” అన్నాను.

“ఏ సాయిబు? విల్లు సాయిబన్న కొడుకువా! రా అబ్బా, కూచో.”

నోటుపుస్తకం చూపించాను. ఆమె కళ్ళద్దాలు తెచ్చుకుని తనే చదివింది. ఆమె తెలుగు బడిలో చదివిన మనిషి. నేను నాలుగు నెలలు నేర్చుకుని చదివింది ఆమె ఒక్క క్షణంలో చదివేసింది. నేను కవరు తీసి, ఇన్నేళ్ళకు ఇంత అని లెక్కవేసి కాదు, నా తృప్తి కోసం 6,000 పెట్టాను, తీసుకుని మా నాయనను మన్నించండి అన్నాను.

ఆమె కవరు ముట్టుకోలేదు. “మా అత్త ఆ పరుపు కోసం దూది కూడా కొనిపెట్టింది. సాయిబన్న వస్తాడు, సాయిబన్న వస్తాడు అని వేరేవాళ్ళ చేత కుట్టించలేదు. చివరి ఏడాది చాప మీదనే పడుకునింది” అంది. తప్పు పట్టినట్టు లేదు, జరిగింది చెప్పినట్టు చెప్పింది. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నేను ఆనాడే అక్కకు ఆ పుస్తకం చూపించి ఉంటే, ఆ ముసలామె బతికుండగానే పరుపు అందేదేమో.

కాసేపటికి ఆమే అంది, “డబ్బులు నాకొద్దబ్బా. బయానా ఇచ్చింది పరుపుకు. పరుపు ఇచ్చేయ్. నాకూ నడుము నొప్పే.”

ఇప్పుడు ఊళ్ళో విల్లు కొట్టేవాళ్ళు లేరు. ఫోము పరుపులు వచ్చాక మా కులవృత్తి పోయింది. పట్టణంలో మిషన్ మీద దూది ఏకే అంగడి ఒకటి వెతికి, బూరుగు దూదితో, గళ్ళ గుడ్డతో పరుపు కుట్టించాను. కుడుతున్నంతసేపూ పక్కనే కూర్చున్నాను. దుమ్ము ముక్కులోకి పోయి దగ్గు వచ్చింది. నాయన ఇంత దుమ్ములో 40 ఏళ్ళు పనిచేశాడని ఆ రోజు తెలిసింది. వ్యాను పైన వేసుకుని తీసుకుపోయి ఆమె మంచం మీద నేనే పరిచాను. ఆమె కూర్చుని, చేత్తో ఒత్తి చూసి, “తీరిపోయింది పో. మీ నాయనకు చెప్పుకో” అంది. ఆ సాయంత్రం అసర్ వేళకు ఆ ఇంటి వసారాలోనే చెంబెడు నీళ్ళు అడిగాను.

ఇప్పటి లెక్క చెప్పి ముగిస్తాను. 60 మందికి భోజనాలు పెట్టాను. షుగరు వల్ల వరసగా రెండు నెలల ఉపవాసం వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు కాబట్టి. సోమవారం, గురువారం ఒంట్లో బాగున్నప్పుడు ఖజా ఉపవాసం ఉంటున్నాను. 2025 డిసెంబరు నెలాఖరుకు తీరినవి 412, మిగిలినవి 615. నమాజులు 2,648 రోజులవి తీరాయి, 10,866 రోజులవి మిగిలాయి. ఇవి నా బతుకులో తీరవు. గుమాస్తాగా ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ రోజూ రాత్రి ఇషా తర్వాత నోటుపుస్తకంలో ఒక గీత గీస్తాను, నాయనలాగే. ఆయన గీతలు బాకీకి. నావి చెల్లుకు.

ఆ నోటుపుస్తకం మొదట తెలుగులో మొదలుపెట్టాను, నేర్చుకున్న సంబరంలో. పది రోజులయ్యాక గుర్తొచ్చింది, నా కొడుకుకు తెలుగు చదవడం రాదు. వాడిది ఇంగ్లీషు, కొంచెం తమిళం. అందుకని ప్రతి పేజీ కింద తమిళంలో కూడా రాస్తున్నాను. మొన్న వాణ్ణి కూర్చోబెట్టి మొత్తం చదివించాను. “ఇది వసూలు లెక్క కాదు, కట్టాల్సిన లెక్క” అని రెండుసార్లు చెప్పాను. వాడు వచ్చే నెల నుంచి మన ఆదివారం తరగతికి వస్తానన్నాడు. వస్తే చూద్దాం. వాయిదా వేయడంలో వాడు నా కొడుకే.

సంఘం మిత్రులకు ఒకటే విన్నపం. మనవాళ్ళు ఈ రాష్ట్రానికి వచ్చి కొందరికి 400 ఏళ్ళు, కొందరికి నాలాగ ఊయలలోనే సరిహద్దు మారింది. ఇంచుమించు ప్రతి ఇంట్లోనూ ఒక పెట్టె ఉంటుంది, అందులో ఎవరూ చదవలేని ఒక తెలుగు కాగితం ఉంటుంది. అది పాట కావచ్చు, పొలం లెక్క కావచ్చు, మొక్కు కావచ్చు, ఎవరికో ఇవ్వాల్సిన 60 రూపాయలు కావచ్చు. తీసి చదవండి. రాకపోతే ఆదివారం పొద్దున సంఘం హాలుకు తీసుకురండి. మాస్టరు గారు ఉంటారు, ఆ పాప ఉంటుంది, ఇప్పుడు ఆరేళ్ళు పెద్దదైంది. నేనూ ఉంటాను. నిదానంగానే అయినా చదివిపెడతాను.

సెలవు.